హెడ్మాస్టరు దయ కాదు, హెడ్మాస్టరు డ్యూటీ

(బడి కమిటీ సభ్యులు, వాడ యువకులు, మహిళా సంఘాల వాళ్లు కూర్చున్న సభలో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం.)



మన పిల్లకి మొట్టమొదట ఎదురుపడే ప్రభుత్వం ఎవరు? కలెక్టరు కాదు. తాశీల్దారు కాదు. పోలీసూ కాదు. బళ్లో హెడ్మాస్టరు. ఆరేళ్ల పిల్ల పలక పట్టుకుని గేటు దాటగానే ప్రభుత్వం అంటే ఏమిటో ఆ కుర్చీని చూసి నేర్చుకుంటుంది. ఆ కుర్చీ 'రా తల్లీ' అంటే ఒక పాఠం. 'ఏ పేట నుంచి వొచ్చావే?' అంటే ఇంకో పాఠం. ఆ రెండో పాఠం మన తాతలూ చదివారు, మనమూ చదివాం. పిల్లలతో కూడా అదే చదివించాలా? ఇవాళ తేల్చుకోవలసింది ఇదే.

మనం ఇప్పటికీ ఆ కుర్చీ ముందుకి చేతులు కట్టుకునే పోతాం. టీసీ ఇస్తే దండం పెడతాం. పిల్లోణ్ణి చేర్చుకుంటే 'మంచి సారు' అంటాం. కొడితే 'మా మంచికే కొట్టాడు' అంటాం. సారు మంచోడైతే సంతోషమే. కానీ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. ఆ కుర్చీలో మంచోడు కూర్చున్నా, చెడ్డోడు కూర్చున్నా చెయ్యాల్సిన పనులు కొన్నింటిని చట్టం ముందే రాసి పెట్టింది. చేస్తే అది దయ కాదు, డ్యూటీ. చెయ్యకపోతే అది తప్పు, కొన్ని చోట్ల నేరం. ఆ పనులేమిటో కుర్చీలో వున్న చాలామందికే సరిగ్గా తెలియదు. తెలిసినవాళ్లు మనకి చెప్పరు. అందుకని మనమే తెలుసుకోవాల.

ఈ తలుపు ఎట్లా తెరుచుకుంది

1856లో ధార్వాడలో ఒక మహర్ కుర్రాడు సర్కారు బళ్లో చేర్చుకోమని అర్జీ పెట్టాడు. న్యాయం ఆ కుర్రాడి పక్షానే వుందని ఒప్పుకుంటూనే బొంబాయి ప్రభుత్వం కాదు పొమ్మంది. ఈ ఒక్కణ్ణి చేర్చుకుంటే మిగతా కులాలవాళ్లకి బడి పనికిరాకుండా పోతుందని దాని వాదన. రెండేళ్లకి, 1858లో, లండన్‌లో కూర్చున్న కంపెనీ డైరెక్టర్లు సర్కారు బళ్లు అన్ని తరగతుల వాళ్లకీ తెరిచి వుండాలని కాగితం పంపారు. కాగితం వొచ్చింది గానీ తలుపు తెరుచుకోలేదు. ఆ తరవాత ఎన్నో ఏళ్లకి సతారా బళ్లో చేరిన భీమ్‌రావు అనే పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు. ప్యూను వొచ్చి పోస్తేనే నీళ్లు. ప్యూను లేని రోజు నీళ్లు లేవు.

ఆ పిల్లవాడే పెద్దయి రాజ్యాంగం రాయడంలో ముందు నిలబడ్డాడు. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 29వ అధికరణం రెండో భాగం, ప్రభుత్వం నడిపే బళ్లో, ప్రభుత్వ డబ్బు తీసుకునే బళ్లో కులం పేరు చెప్పి చేర్చుకోమనడానికి వీల్లేదంది. 45వ అధికరణం పదేళ్లలో 14 ఏళ్ల దాకా అందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించమంది. పదేళ్లు 1960కి అయిపోయాయి. ఎవరూ పలకలేదు. 1993లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద నడిచిన ఉన్నికృష్ణన్ కేసులో, 14 ఏళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో రాజ్యాంగానికి 86వ సవరణ వొచ్చింది. 2009లో విద్యాహక్కు చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. పదేళ్లన్న మాటకి అరవై ఏళ్లు పట్టింది. మన వాడల్లో మూడు తరాలు పశువుల వెంటా, పాలేర్ల లెక్కలోనూ పోయాయి. కాబట్టి ఈ చట్టం ఎవరో జాలిపడి పెట్టిన బిచ్చం కాదు. బాకీ. అసలు మాత్రమే వొచ్చింది, వడ్డీ ఇంకా రాలేదు.

గేటు దగ్గర

ముందు గేటు దగ్గర జరిగే సంగతి చూద్దాం.

'పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఏదీ?' అంటారు. లేకపోయినా సరే, వయసు కాగితం లేదని చేర్చుకోకపోవడం కుదరదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. 'జూన్ దాటిపోయింది, వొచ్చే ఏడు రా' అంటారు. 15వ సెక్షన్ ప్రకారం ఆలస్యంగా వొచ్చినా చేర్చుకోవలసిందే. 'ఆధార్ లేదు, కంప్యూటర్ తీసుకోవడం లేదు' అంటారు. ఆధార్ లేదని బళ్లో చేర్చుకోకుండా వుండటానికి వీల్లేదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తేల్చింది. కంప్యూటర్ కోసం పిల్ల ఆగక్కర్లేదు, కంప్యూటరే పిల్ల కోసం ఆగాల. 'పాత బడి టీసీ తెస్తేనే' అంటారు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదని 5వ సెక్షన్. అదే సెక్షన్‌లో ఇంకో ముక్క వుంది. టీసీ అడిగిన వెంటనే ఇవ్వాల. ఆలస్యం చేసిన హెడ్మాస్టరు మీద సర్వీసు నిబంధనల కింద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. చట్టం నేరుగా హెడ్మాస్టరునే పేరు పెట్టి పిలిచిన చోటు ఇది.

'మీవాడు మూడు నెలలు రాలేదు, పేరు కొట్టేశాం' అంటారు. ఎందుకు రాలేదు? కర్నూలు పడమటి ఊళ్ల నుంచి గుంటూరు మిరప చేలకి పోయే కుటుంబాలు పిల్లల్ని ఎక్కడ వొదిలి పోతాయి? పాలమూరు నుంచి మట్టి పనికి పోయేవాళ్లు ఎక్కడ వొదిలిపెడతారు? వలస కుటుంబాల పిల్లల్ని చేర్పించే బాధ్యత స్థానిక సంస్థదని 9వ సెక్షన్ చెబుతోంది. వెనకబడిన పిల్లణ్ణి వయసుకి తగిన తరగతిలో కూర్చోబెట్టి విడిగా శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్. ఎనిమిదో తరగతి అయ్యేదాకా బడి నుంచి తీసేయడానికి వీల్లేదని 16వ సెక్షన్. 2019లో ఆ సెక్షన్ మార్చి, అయిదులో ఎనిమిదిలో పరీక్ష పెట్టి, తప్పితే అదే తరగతిలో వుంచడానికి రాష్ట్రాలకి వీలిచ్చారు. అయినా బడి నుంచి గెంటేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. ఆపడం వేరు, గెంటడం వేరు. ఈ తేడా మన యువకులు బాగా పట్టుకోవాల.

చట్టం లెక్కపెట్టిన అయిదు చోట్లు

గేటు దాటాం. ఇక లోపల సంగతి.

విద్యాహక్కు చట్టానికి కేంద్రం 2010లో నిబంధనలు చేసింది. అందులో ఒక వాక్యం వుంది. వాడవాడలో గోడ మీద రాయాల్సిన వాక్యం. మన పిల్లల్ని తరగతి గదిలో గానీ, మధ్యాహ్న భోజనం దగ్గర గానీ, ఆటస్థలంలో గానీ, మంచినీళ్లూ మరుగుదొడ్లూ వాడుకునే దగ్గర గానీ, మరుగుదొడ్లూ గదులూ కడిగే పనిలో గానీ విడదీయకుండా, వివక్ష చూపకుండా ప్రభుత్వం, స్థానిక సంస్థ చూడాలని దాని అర్థం.

చూశారా! ఢిల్లీలో కూర్చుని రాసినవాళ్లకి కూడా తెలుసు అంటరానితనం బళ్లో ఎక్కడెక్కడ కాపురం వుంటుందో. 'మా బళ్లో అట్లాంటివేం లేవండీ' అని ఎవరైనా అంటే ఈ వాక్యం చూపించండి. లేని జబ్బుకి మందు రాయరు గదా!

తరగతి గది: ఎవరు ముందు బెంచీలో, ఎవరు వెనక? పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక అంటే ఒప్పుకుంటాం. పేటవాళ్లు వెనక అంటే ఒప్పుకోం. లీడర్ని చేసేటప్పుడు, పంద్రాగస్టుకి పాట పాడించేటప్పుడు మన పిల్ల పేరు వొస్తోందా లేదా చూడండి.

నీళ్లు: నీళ్ల సంగతి మనకి ఒకరు చెప్పాలా? 1985లో కారంచేడు మొదలయిందే చెరువు నీళ్ల దగ్గర. బళ్లో కుళాయి ఒక్కటే వుండాల, గ్లాసు ఒక్కటే వుండాల. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం 5వ సెక్షన్ ప్రకారం అంటరానితనం కారణంగా బళ్లో చేర్చుకోకపోయినా, చేర్చుకున్నాక తేడా చూపినా నేరమే. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, పైన జరిమానా. 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం, అంటే 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వొచ్చింది, ఇంకా గట్టిది. మనవాళ్లని బళ్లోకి రాకుండా అడ్డుకున్నా, నలుగురూ వాడుకునే గిన్నెలూ వస్తువులూ ముట్టనివ్వకపోయినా, నీళ్ల కుళాయి దగ్గరికి రానివ్వకపోయినా ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా శిక్ష.

భోజనం: వండిన అన్నం పెట్టమని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆర్డరు వేసింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి మొదలయింది. 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు ఇంకో మాట చెప్పింది. వంట మనుషుల్ని, సహాయకుల్ని పెట్టేటప్పుడు దళితులకి, ఎస్సీ ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వమంది. ఇరవై ఏళ్లు దాటాయి. మీ బళ్లో గరిటె ఎవరి చేతిలో వుంది? మనవాళ్లు పొయ్యి కింద కట్టెలు పెట్టడానికా, అంట్లు తోమడానికా? 'మనవాళ్లు వండితే ఊళ్లో పిల్లలు తినరండీ' అని హెడ్మాస్టరు నెమ్మదిగా చెబుతాడు. ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో 2021 డిసెంబరులో ఇదే జరిగింది. దళిత స్త్రీ వండితే పై కులాల పిల్లలు తినలేదు. నియామకం సరిగా జరగలేదని చెప్పి అధికారులు ఆమెని తీసేశారు. దేశమంతా గొడవయ్యాక మళ్లీ పెట్టారు. ఆలోచించండి. తినని పిల్లలకి నచ్చజెప్పడం హెడ్మాస్టరు పని. వండిన మనిషిని తీసేయడం ఆయన పని కాదు. చదువు చెప్పేవాడు కులాన్ని కాపాడితే ఇక చదువు ఎందుకు?

భోజనంలో ఇంకో బాధ్యత వుంది, ప్రాణాలకి సంబంధించింది. బీహార్ సారణ్ జిల్లాలో 2013 జులైలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో పురుగుమందు కలిసింది. ఆ బడి హెడ్మాస్టరుకి 2016లో కింది కోర్టు జైలుశిక్ష వేసింది. పిల్లలకి పెట్టే ముందు టీచరు రుచి చూడాలన్న నియమాన్ని ఈ ఘోరం తరవాతే గట్టిగా పట్టుకున్నారు. రోజూ రుచి చూసి రిజిస్టరులో రాస్తున్నారా? లేక నెలకొకసారి కూర్చుని ముప్పై సంతకాలు పెడుతున్నారా? 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం బడి రోజున అన్నం హక్కు. బియ్యం రాలేదు, గ్యాస్ లేదు, వంట మనిషి రాలేదు, ఏ కారణం చేత పెట్టకపోయినా దానికి బదులు భత్యం ఇవ్వాలని 2015 నిబంధనలు. వరసగా మూడు రోజులు గానీ, నెలలో అయిదు రోజులు గానీ పెట్టకపోతే బాధ్యులెవరో తేల్చాల. సరుకు తాత్కాలికంగా అందకపోతే బళ్లో వున్న ఏ నిధి నుంచైనా వాడి భోజనం నడపడానికి హెడ్మాస్టరుకి ఆ నిబంధనలే అధికారం ఇచ్చాయి. 'నా చేతిలో ఏముంది?' అనే సారుకి ఈ ముక్క చెప్పండి. చేతిలో వుంది.

మరుగుదొడ్డి: ఇక్కడే మన గుండె మండేది. తమిళనాడు ఈరోడ్ జిల్లాలో 2022లో దళిత పిల్లలతో బ్లీచింగ్ పౌడరు వేయించి మరుగుదొడ్లు కడిగించారన్న ఫిర్యాదు మీద హెడ్మాస్టరుని అట్రాసిటీ చట్టం కింద అరెస్టు చేశారు. కర్ణాటక కోలారు జిల్లాలో 2023 డిసెంబరులో గురుకులం పిల్లల్ని సెప్టిక్ గుంతలోకి దించారన్న కేసులో ప్రిన్సిపాల్‌ని అరెస్టు చేశారు. అవి బయటపడ్డవి. బయటపడనివి ఎన్నో మీ ఇంట్లో పిల్లని కూర్చోబెట్టుకుని అడగండి.

ఇక్కడ ఒక తేడా చెప్పాల. సారూ, పిల్లలందరూ కలిసి ఆవరణ వూడ్చుకుంటే, చెట్లకి నీళ్లు పోసుకుంటే తప్పు లేదు, మంచిదే. కానీ పేరు పెట్టి మన పిల్లల్నే పిలిస్తే అది వివక్ష. ఇక మరుగుదొడ్డి సంగతంటారా, యాసిడ్ సీసా ఏ కులం పిల్లల చేతిలోనూ వుండకూడదు. మన పిల్లల బదులు ఇంకొకరి పిల్లలు కడగాలని మనం అడగటం లేదు. జీతం ఇచ్చి పనిమనిషిని పెట్టమంటున్నాం. ఆ పనికి కూడా మన వాడ వైపే చూడొద్దంటున్నాం.

బెత్తం, నోరు

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మనసు కుంగేట్టు వేధించడాన్ని నిషేధించింది. కొట్టినవాళ్ల మీద సర్వీసు నిబంధనల కింద చర్య. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద పిల్లల పట్ల క్రూరత్వం నేరం. మనసు కుంగేట్టు అన్న మాటని బాగా పట్టుకోండి. 'మీకెందుకురా చదువు, చెప్పులు కుట్టుకోక', 'రిజర్వేషన్ వుందిగా, చదవకపోయినా పర్లేదు', 'స్కాలర్‌షిప్ గాడు': ఈ మాటల దెబ్బ వాతలాగా కంటికి కనపడదు. పిల్లోడు మర్నాడు కడుపునొప్పి అంటాడు. ఎల్లుండి తలనొప్పి. నెల తిరిగేసరికి మేకల వెంట పోతాడు. రిజిస్టరులో 'డ్రాపౌట్' అని రాస్తారు. వాడు మానేయలేదు, మాన్పించారు. నలుగురి ఎదుట కులం పేరు పెట్టి తిడితే అది అట్రాసిటీ చట్టం కింద నేరం. ఫిర్యాదు ఇస్తే ముందస్తు విచారణ అని వాయిదా వేయకుండా ఎఫ్ఐఆర్ కట్టాలని 2018లో 18ఎ సెక్షన్ చేర్చారు. ఆ సెక్షన్ కోసం 2018 ఏప్రిల్ 2న దేశమంతా మనవాళ్లు రోడ్డెక్కారు. అది మరిచిపోకండి.

ఆడపిల్లల సంగతి

ఇది పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడతారు. నేను గొంతు పెంచే చెబుతాను.

ఆడపిల్ల మీద గానీ మగపిల్లవాడి మీద గానీ బళ్లో లైంగికంగా చెయ్యి వేస్తే 2012 పోక్సో చట్టం. 18 ఏళ్ల లోపు పిల్లలందరికీ వర్తిస్తుంది. తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకి చెప్పి తీరాలని 19వ సెక్షన్. చెప్పకపోవడమే నేరం. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా అని 21వ సెక్షన్. బళ్లో సంస్థ పెద్ద అంటే ఎవరు? హెడ్మాస్టరే.

కానీ ఊళ్లో జరిగేదేమిటి? హెడ్మాస్టరు సర్పంచిని పిలుస్తాడు. పెద్దమనుషులు వొస్తారు. 'బడి పరువు పోతుంది, పిల్లకి పెళ్లి కాదు' అంటారు. డబ్బు కవరు ఒకటి తిరుగుతుంది. ఆ టీచరు ఇంకో మండలానికి బదిలీ అవుతాడు. అంటే ఇంకో వాడలో ఇంకో పిల్ల దగ్గరికి. మన పెద్దలు కూడా కొందరు ఆ పంచాయితీలో కూర్చుంటున్నారు. కూర్చోవద్దు! ఇది పంచాయితీలో తెగే సంగతి కాదు. రాజీ చేసే అధికారం హెడ్మాస్టరుకి లేదు, సర్పంచికి లేదు, కులపెద్దకి లేదు. పరువు పోవాల్సింది చెయ్యి వేసినవాడిది. పిల్లది కాదు. 1098కి ఫోను చెయ్యండి, స్టేషనుకి పోండి, పిల్ల పేరు బయటికి పొక్కనీయకుండా చూసుకోండి.

కుర్చీకి పైన కుర్చీలు

ఇప్పటిదాకా హెడ్మాస్టరు బాధ్యతలు చెప్పాను. ఇప్పుడు ఆయన పక్కకి వొచ్చి మాట్లాడతాను. ఇది కూడా వినాల, ఎందుకంటే గురి తప్పితే దెబ్బ వృథా.

స్వీపరు లేడు. వుంటే జీతం నెలల తరబడి రాదు. వంట ఏజెన్సీకి బిల్లులు ఆగిపోతే వంట చేసే అక్క అప్పు తెచ్చి కూరగాయలు కొంటుంది. అయిదు తరగతులకి ఒక్క టీచరు. ఆ ఒక్కడే హెడ్మాస్టరు, ఆ ఒక్కడే గుమాస్తా, ఆ ఒక్కడే ఫోనులో ఫోటోలు పెట్టేవాడు. చట్టం ఏమంటోంది? 1 నుంచి 5 తరగతుల బళ్లో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు వుండాల. ఆడపిల్లలకి, మగపిల్లలకి వేరువేరు మరుగుదొడ్లు, మంచినీళ్లు, ప్రహరీ వుండాల. అన్ని బళ్లనీ ఈ లెక్కకి తేవడానికి మూడేళ్ల గడువు పెట్టారు. అది 2013 మార్చితో అయిపోయింది. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప వేరే పనులకి టీచర్లని పంపకూడదని 27వ సెక్షన్. ఇవన్నీ హెడ్మాస్టరు తప్పిన మాటలా? కాదు. పైవాళ్లు తప్పినవి. నీళ్లు లేని మరుగుదొడ్డి ఇచ్చి, కడిగే మనిషిని ఇవ్వకుండా, శుభ్రంగా లేదని హెడ్మాస్టరుకి మెమో ఇస్తారు. ఆ మెమో బరువు చివరికి ఎవరి నెత్తిన పడుతుంది? వెనక బెంచీలో కూర్చున్న మన పిల్ల నెత్తిన.

కాబట్టి ఒక్క హెడ్మాస్టరుని సస్పెండ్ చేయించి చప్పట్లు కొట్టి ఇంటికి పోతే సరిపోదు. మనిషి మారతాడు, బొక్కెన అక్కడే వుంటుంది. పిల్లకి హాని చేసినవాడి మీద కేసు పెట్టాల, వెనక్కి తగ్గొద్దు. అదే రోజు స్వీపరు పోస్టు ఎందుకు లేదని డీఈవోని కాగితం మీద అడగాల.

ఇంకో సంగతి. ఇవాళ ఎన్నో బళ్లలో ఆ కుర్చీలో మనవాళ్లే వున్నారు. వాళ్లని ఊరి పెత్తందార్లు ఎట్లా చూస్తారో మనకి తెలుసు. వాళ్లు చట్టం అమలు చెయ్యబోతే 'కులగజ్జి' అంటారు. అట్లాంటి సారుకి, మేడానికి వాడ అండగా నిలబడాల. అయితే మనవాడే పిల్లని కొడితే? మనవాడే నోరు మూసుకుంటే? అట్రాసిటీ చట్టం ఎస్సీ ఎస్టీల మీద వర్తించదు, నిజమే. విద్యాహక్కు చట్టం, పోక్సో అందరికీ వర్తిస్తాయి. మనవాడని వొదిలేస్తే రేపు పరాయివాణ్ణి అడిగే నోరు మనకి వుండదు.

పాత కక్ష తీర్చుకోవడానికి ఈ చట్టాల్ని ఎవరూ వాడొద్దు. ఒక్క అబద్ధపు ఫిర్యాదు చూపించి పది నిజం ఫిర్యాదుల్ని చెత్తబుట్టలో వేస్తారు. దానికోసమే కాచుకుని కూర్చున్నవాళ్లున్నారు.

ఇక మనం చెయ్యాల్సింది

ఒకటి. బడి కమిటీ. 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే వుండాల. సగం మంది ఆడవాళ్లు. మన వర్గాల తల్లిదండ్రులకి వాళ్ల సంఖ్యకి తగినట్టు చోటు. బడి ఎట్లా నడుస్తోందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక రాయడం, గ్రాంటు ఎట్లా ఖర్చవుతోందో చూడటం కమిటీ పని. ఇంటికి పంపిన పుస్తకం మీద వేలిముద్ర వేసి పంపకండి. మీటింగుకి పోండి. తీర్మానాల పుస్తకం చదివించుకోండి. చదువు రాకపోతే చదువుకున్న పిల్లని వెంటబెట్టుకుపోండి. మన మాట రాశారో లేదో చూసి అప్పుడు సంతకం చెయ్యండి.

రెండు. నోటిమాట వొద్దు, అర్జీ రాయండి. ఏ రోజు, ఏ చోట, ఎవరు, ఏం చేశారు, ఎవరు చూశారు. తిట్లు రాయకండి, జరిగింది రాయండి. ఒక కాపీ హెడ్మాస్టరుకి, ఒకటి ఎమ్మీవోకి, ఒకటి పంచాయతీకి. మన కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. 32వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థ ఇరుపక్షాలనీ విని 3 నెలల్లో తేల్చాల. తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి పోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకి, ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిది, పది పిల్లలకి అట్రాసిటీ, పోక్సో, పౌరహక్కుల చట్టాలు వున్నాయి.

మూడు. 2005 సమాచార హక్కు చట్టం. స్వీపరు జీతం పేర ఎంత వొచ్చింది, వంట ఏజెన్సీలో ఎవరెవరున్నారు, భోజనం ఎన్ని రోజులు పెట్టారు, రుచి చూసిన రిజిస్టరు కాపీ: ఇవి అడగండి. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో చేసిన నిబంధనల్లో గ్రామస్థాయిలో ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాల. కారణం లేకుండా ఇవ్వకపోతే రోజుకి 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా. మీరడిగింది వాళ్ల దగ్గర లేకపోతే వున్న ఆఫీసుకి అయిదు రోజుల్లో వాళ్లే పంపాల.

నాలుగు. వాడలో ఒక నోటుబుక్కు పెట్టండి. ఇంటింటికీ బడి ఈడు పిల్లలెందరు, ఎవరు పోతున్నారు, ఎవరు మానేశారు, ఎందుకు. నెలకొకసారి రాయండి. బడి రిజిస్టరు ఒక లెక్క చెబితే మన నోటుబుక్కు ఇంకో లెక్క చెప్పాల. ఆ రెండు పక్కపక్కన పెట్టి అడిగిన రోజున ఏ ఆఫీసరూ తప్పించుకోలేడు.

అయిదు. పిల్లల్ని అడగండి. సాయంత్రం ఇంటికి రాగానే 'ఏం చదివావు?' అని అడగడంతో ఆపొద్దు. 'ఎక్కడ కూర్చున్నావు? నీళ్లు ఎక్కడ తాగావు? అన్నం ఎవరి పక్కన తిన్నావు? ఏం ఆడావు? బొక్కెన ఎవరు పట్టుకున్నారు?' అని అడగండి. అయిదు చోట్లు, అయిదు ప్రశ్నలు. చట్టం లెక్కపెట్టింది కూడా ఆ అయిదే.

అన్నలారా, అక్కలారా! కాస్త డబ్బున్నవాళ్లు పిల్లల్ని ప్రైవేటుకి తోలేశారు. ఊరి బళ్లో ఇవాళ మిగిలింది ఎవరి పిల్లలు? ఎక్కువమంది మనవాళ్లే. ఈ బడి బాగుపడితే బాగుపడేది మన పిల్లలు. మూతపడితే ముందు మునిగేదీ మన పిల్లలే. కాబట్టి బడిని తిట్టి వొదిలేసే తీరిక మనకి లేదు. బడిని నిలబెట్టాల, బళ్లో మన పిల్ల తలెత్తుకు నిలబడాల. రెండూ కలిసే జరగాల.

రేపటి నుంచి హెడ్మాస్టరు గదిలోకి పోయేటప్పుడు చేతులు కట్టుకుని పోకండి. పోట్లాటకీ పోకండి. నమస్కారం పెట్టండి, కుర్చీ లాక్కుని కూర్చోండి, అర్జీ బల్ల మీద పెట్టండి. 'సారూ, ఇది మీ డ్యూటీ. చెయ్యడానికి మీకేం అడ్డమో చెప్పండి. ఆ అడ్డం తీయడానికి మేమూ వొస్తాం' అనండి. మంచి సారయితే సంతోషిస్తాడు. కానివాడయితే భయపడతాడు. ఏదయినా మన పిల్లకి మేలే.

జై భీమ్!